బడికి రాని పిల్లలను తిరిగి రప్పించడం: తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

బడి మానేసిన పిల్లవాడు ఒక్కరోజులో మానేయడు. మొదట సోమవారాలు పోతాయి. తర్వాత పరీక్ష ఉన్న రోజులు పోతాయి. ఆ తర్వాత వారానికి రెండు మూడు రోజులు ఇంట్లోనే కనిపిస్తాడు. పక్కింటివాళ్లు అడిగితే "ఒంట్లో బాగా లేదు" అంటాం. చివరికి ఒకరోజు హెడ్‌మాస్టరు పేరు కొట్టేశారని తెలుస్తుంది. అప్పటికి ఏడాది గడిచి ఉంటుంది.

సంఘం పనిమీద ఇళ్లకు తిరిగినప్పుడల్లా నాకు ఎదురయ్యే మాట ఒకటే: "చేర్పించాం సార్, వాడే పోవడం లేదు." చేర్పించడంతో పని అయిపోయిందనుకోవడమే మన పొరపాటు. ఇప్పుడు బడిలో పేరు లేని పిల్లలు తక్కువ. పేరు ఉండి బెంచీ మీద కనిపించని పిల్లలే ఎక్కువ. అలాంటి పిల్లలను ఎలా గుర్తించాలి, ఎలా తిరిగి పంపాలి, చట్టం ఏం చెబుతోంది, ఎవరిని కలవాలి అన్నది కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో స్థిరపడిన మన కుటుంబాల కోసం ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఎన్ని రోజులు పోతే ప్రమాదం?

విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు ఉండాలి. ఇందులో పదోవంతు, అంటే 20 లేదా 22 రోజులు పోతే దాన్ని తీవ్రమైన గైర్హాజరుగా చూడాలి. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లోనూ ఈ పదోవంతునే హద్దుగా పెట్టుకున్నారు.

20 రోజులంటే పెద్ద సంఖ్య అనిపిస్తుంది గానీ నెలకు రెండు రోజులు పోతే చాలు, అంత అవుతుంది. ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా ఇలాగే సాగితే 160 రోజులు దాటుతుంది. అంటే ఆ పిల్ల ఎనిమిదేళ్లు చదివినా దాదాపు ఒక ఏడాది చదువు చదవనట్టే.

ఈ రెండు రోజులు ఎలా పోతున్నాయో మన ఇళ్లలోనే చూద్దాం. పెళ్లి అయినా, తద్దినమైనా, ఊరి జాతర అయినా చాలామందికి సరిహద్దు అవతల ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉంటుంది. ఆదివారం పెళ్లికి శనివారం బయల్దేరి మంగళవారం తిరిగొస్తాం. సంక్రాంతికి ఆంధ్ర, తెలంగాణ బడులకు వరసగా సెలవులు ఇస్తారు. కర్ణాటకలో, మహారాష్ట్రలో అన్ని రోజులు ఇవ్వరు. అమ్మమ్మ ఊళ్లో పిల్లలందరికీ సెలవులు కాబట్టి మన పిల్లలూ అక్కడే ఉండిపోతారు. వారం పోతుంది. పండుగకు వెళ్లవద్దని ఎవరూ చెప్పరు. మన బడి క్యాలెండరు చూసుకుని బయల్దేరమనే చెబుతున్నాను.

నేను గుమాస్తా ఉద్యోగం చేసినవాణ్ణి, రిజిస్టరు మాట నమ్ముతాను. ప్రతి ఇంట్లో గోడ క్యాలెండరు ఉంటుంది. పిల్ల బడికి వెళ్లని రోజున ఆ తేదీ చుట్టూ ఒక సున్న చుట్టండి. నెలాఖరున రెండు సున్నలు కనిపిస్తే కారణం అడగండి. నాలుగు కనిపిస్తే బడికి వెళ్లి టీచరును కలవండి.

పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు?

"వాడికి చదువు మీద శ్రద్ధ లేదు" అన్నది కారణం కాదు. అసలు కారణం తెలుసుకోకుండా మనం చెప్పేసే మాట అది. మన కుటుంబాల్లో తరచుగా కనిపించే కారణాలు ఇవి.

మొదటిది భాష. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో. పూరీలో పెంటకోట మత్స్యకారుల పిల్లలకైనా, హోసూరు చుట్టుపక్కల పల్లెల పిల్లలకైనా, షోలాపూరులో మన పద్మశాలీల పిల్లలకైనా ఇది మామూలే. వీధిలో ఆ భాష మాట్లాడతారు గానీ పుస్తకంలోని భాష వేరు. మూడో తరగతి దాకా లాక్కొస్తారు. పాఠం పెద్దదయ్యే కొద్దీ అర్థం కాదు. అర్థం కాలేదని అడగడానికి సిగ్గుపడతారు. దీనికి గైర్హాజరు తోడైతే దెబ్బ రెట్టింపు అవుతుంది. వారం పోయిన మిగతా పిల్లలు ఒక పాఠమే వెనకబడతారు. మన పిల్లలు పాఠంలోనూ భాషలోనూ వెనకబడతారు.

రెండోది పని. షోలాపూరులో తల్లి బీడీలు చుడుతుంటే కూతురు ఆకు కత్తిరిస్తుంది. కోలారు వైపు టమాటా కోతలకు, బళ్లారి వైపు మిర్చి, పత్తి ఏరడానికి పిల్లలను తోడు తీసుకెళ్తారు. సముద్రం ఒడ్డున వల బాగుచేయడానికి మగపిల్లవాడిని ఆపుతారు. "ఈ ఒక్కరోజే" అంటారు. కోత పది రోజులు ఉంటుంది.

మూడోది ఆడపిల్లల ఇబ్బంది. రజస్వల అయిన తర్వాత నెలకు రెండు మూడు రోజులు ఆగిపోతారు. బడిలో మరుగుదొడ్డికి తలుపు గడియ లేకపోయినా, నీళ్లు లేకపోయినా వాళ్లు ఆ మాట ఎవరికీ చెప్పరు. ఇంట్లో చిన్నబిడ్డ ఉంటే చూసుకునేదీ అక్కే. దారి దూరమైనా, బస్సులో ఎవరైనా వెకిలిగా మాట్లాడినా, విషయం తెలిస్తే ఇంట్లో పూర్తిగా మాన్పిస్తారేమోనన్న భయంతో లోపలే దాచుకుంటారు.

నాలుగోది ఆరోగ్యం. కంటి చూపు సరిగా లేక బోర్డు కనిపించని పిల్లవాడిని మొద్దబ్బాయి అంటాం. రక్తహీనత వల్ల నీరసంగా ఉన్న పిల్లను బద్ధకస్తురాలు అంటాం. చెవిలో చీము, ఉబ్బసం, మూర్ఛ వంటివి ఉన్న పిల్లలు కూడా నెమ్మదిగా ఆగిపోతారు.

ఐదోది భయం. టీచరు కొట్టారు, తోటిపిల్లలు యాసను వెక్కిరించారు, ఫీజు కట్టలేదని నిలబెట్టారు, హోంవర్కు పేరుకుపోయింది. ఇలాంటప్పుడు పొద్దున్నే కడుపునొప్పి, తలనొప్పి వస్తాయి, పదింటికి తగ్గిపోతాయి. అది నటన అనుకోకండి. భయం వల్ల వచ్చే నొప్పి కూడా నొప్పే.

ఆరోది ఇల్లు మారడం. పనికోసం తాలూకా మారిన కుటుంబం పిల్లను కొత్త బడిలో చేర్చాలంటే పాత బడి నుంచి టీసీ కావాలంటారు. టీసీ కోసం తండ్రి ఒకరోజు కూలి పోగొట్టుకుని వెళ్తే "సంతకం పెట్టే సారు లేరు" అంటారు. రెండుసార్లు తిరిగి ఊరుకుంటాడు. పిల్ల ఇంట్లో ఉండిపోతుంది.

చట్టం ఏం చెబుతోంది?

రాజ్యాంగంలోని 21ఎ అధికరణం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. దీనికి రూపం ఇచ్చిన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడికి దూరమైన పిల్లల విషయంలో అందులో మనకు పనికొచ్చే సెక్షన్లు ఇవి. కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకోండి.

సెక్షన్ 4: మధ్యలో ఆగిపోయిన పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టకూడదు. వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కేంద్ర నియమాల ప్రకారం ఈ శిక్షణ కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల దాకా ఉండవచ్చు. ఈలోగా 14 ఏళ్లు నిండినా 8వ తరగతి పూర్తయ్యే వరకు ఉచితంగానే చదువుకోవచ్చు.

సెక్షన్ 5: టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపరాదు. టీసీ వెంటనే ఇవ్వడం పాత బడి హెడ్‌మాస్టరు బాధ్యత.

సెక్షన్ 9: తన పరిధిలోని ప్రతి పిల్ల చేరడం, రోజూ రావడం, పూర్తి చేయడం స్థానిక ప్రభుత్వ సంస్థ చూసుకోవాలి. వలస కుటుంబాల పిల్లల ప్రవేశం కూడా దాని పనే.

సెక్షన్ 14: వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపరాదు.

సెక్షన్ 15: ప్రవేశాల గడువు దాటిందని తిప్పి పంపరాదు.

సెక్షన్ 16: 8వ తరగతి పూర్తయ్యే దాకా పిల్లను బడి నుంచి తీసేయరాదు. 2019 సవరణ తర్వాత 5, 8 తరగతుల చివర పరీక్ష పెట్టి, తప్పినవారికి రెండు నెలల్లో మళ్లీ అవకాశమిచ్చి, అప్పటికీ తప్పితే అదే తరగతిలో ఉంచే అధికారం రాష్ట్రాలకు వచ్చింది. అదే తరగతిలో ఉంచవచ్చు గానీ బయటికి పంపడానికి వీల్లేదు.

సెక్షన్ 17: కొట్టడం, అవమానించడం నిషేధం.

సెక్షన్ 29: సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించాలి. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం కూడా భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించేందుకు కృషి చేయమని రాష్ట్రాలకు చెబుతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అల్పసంఖ్యాకుల యాజమాన్యంలోని బడులకు ఈ చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును తిరిగి చూడవలసి ఉందని 2025 సెప్టెంబరులో మరో ధర్మాసనం అభిప్రాయపడింది. కాబట్టి భాషా అల్పసంఖ్యాక బడిగా గుర్తింపు ఉన్న తెలుగు బడుల్లో ఈ సెక్షన్లు చూపించి నిలదీయడం ఇప్పటికి కుదరకపోవచ్చు. అక్కడ నచ్చజెప్పాలి. అలాంటి బడులు నడిపే మన పెద్దలకు ఒక్క మాట: ఆ వెసులుబాటు మన భాషను నిలబెట్టుకోవడానికి ఇచ్చింది. హాజరు తక్కువైందని మన పిల్లనే బయటికి పంపడానికి దాన్ని వాడుకోకూడదు.

పని విషయానికొస్తే, 2016 సవరణ తర్వాత 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదు. ప్రమాదం లేని ఇంటి పనిలో బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయం చేయడానికి మినహాయింపు ఉంది. 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదు. ఆడపిల్లకు 18 నిండకుండా పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. ఈ రెండింటిలో దేనికైనా సాయం కావాలంటే 1098కి ఫోన్ చేయవచ్చు.

తిరిగి తీసుకురావడం: ఏ వరసలో చేయాలి?

ఈ పనిలో తెలుగు నేల మీదే గొప్ప అనుభవం ఉంది. సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. బడిలో లేని ప్రతి పిల్లా ఏదో ఒక పని చేస్తున్న పిల్లే అన్నది వాళ్ల లెక్క. తల్లిదండ్రులకు చదువు మీద ఇష్టం లేదన్న మాటను వాళ్లు ఒప్పుకోలేదు. పిల్లలను నేరుగా తరగతిలోకి తోయకుండా ముందు వసతి శిబిరాల్లో చదువు అందించి, తర్వాత వయసుకు తగిన తరగతిలో చేర్చారు. దాన్నే బ్రిడ్జి కోర్సు అంటున్నాం.

మన స్థాయిలో చేయగలిగిన వరస ఇది.

ఒకటి, మూడో రోజునే వెళ్లాలి. కబురు లేకుండా మూడు రోజులు రాకపోతే టీచరో, పక్కింటివారో, సంఘం మనిషో ఆ ఇంటికి వెళ్లాలి. మూడో రోజున పది నిమిషాల మాటతో అయ్యే పని, మూడో నెలలో పదిసార్లు తిరిగినా కాదు.

రెండు, అడగడానికి వెళ్లాలి, తిట్టడానికి కాదు. "ఏమ్మా, పిల్లను బడికి పంపడం లేదంట?" అని వాకిట్లోనే మొదలుపెడితే తల్లి తలుపు వేసుకుంటుంది. "అక్కా, పాప రెండు రోజులుగా కనిపించలేదని టీచరమ్మ అడిగింది. ఒంట్లో బాగుందా?" అనండి. పిల్లతో విడిగా మాట్లాడండి. "బడిలో నీకు బాగా కష్టమనిపించేది ఏ పూట నాయనా?" అని అడిగితే "లెక్కల పీరియడ్" అనో, "తిండి దగ్గర" అనో చెబుతారు. "ఎందుకు పోవడం లేదు?" అంటే మాత్రం తల దించుకుంటారు.

మూడు, కారణానికి తగిన మందు వేయాలి. చూపు, రక్తహీనత, చెవి సమస్య అయితే 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల దాకా ఉచిత పరీక్షలు ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. మనసుకు సంబంధించిన భయమైతే 14416 టెలి మానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. వైకల్యం ఉన్న పిల్లలకు 2016 చట్టం 18 ఏళ్ల దాకా ఉచిత విద్య ఇచ్చింది. తీవ్ర వైకల్యమైతే ఇంటివద్దనే చదువు చెప్పించే వీలుంది. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉన్న ఇంటి పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఉపకార వేతనం ఉంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. చదువు ఆపేసిన ఆడపిల్లలకు 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో వసతితో చదువు దొరుకుతుంది.

నాలుగు, పిల్ల కంటే ముందు మనం బడికి వెళ్లాలి. హెడ్‌మాస్టరును, క్లాస్ టీచరును కలిసి మూడు విషయాలు మాట్లాడుకోవాలి. మొదటి రోజు అందరి ముందు "ఇన్నాళ్లు ఎక్కడికి పోయావు?" అని అడగకూడదు. పాత హోంవర్కు మాఫీ చేయాలి. తెలుగు తెలిసిన పిల్ల పక్కన కూర్చోబెట్టాలి. నాలుగో మాట కొట్టడం గురించి. కొట్టారన్న ఫిర్యాదు ఉంటే మర్యాదగానే, కానీ సూటిగా చెప్పాలి.

దీన్ని మేం నష్టపోయి నేర్చుకున్నాం. ఒకసారి ఏడో తరగతి పిల్లవాడిని సంఘం పెద్దలం ఐదుగురం కలిసి ఊరేగింపుగా తీసుకెళ్లి తరగతిలో కూర్చోబెట్టాం. ఫొటో కూడా తీయించాం. తరగతంతా వాడినే చూసింది. మూడో రోజున వాడు మళ్లీ రాలేదు. నెల తర్వాత వాళ్ల మేనమామ ఒక్కడే సైకిలు మీద తీసుకెళ్లి, ఒక స్నేహితుడి పక్కన కూర్చోబెట్టి వచ్చాడు. అప్పుడు నిలిచాడు. పిల్లకు కావలసింది సన్మానం కాదు, పక్కన చోటు.

ఐదు, ఎక్కువ రోజులు దూరమైన పిల్ల కొద్దికొద్దిగా అలవాటు పడాలి. భయంతో ఆగిన పిల్ల మొదటి వారం మధ్యాహ్న భోజనం దాకా ఉన్నా చాలు. టీచరు ఒప్పుకుంటే ఆమెకు నచ్చిన పీరియడ్‌తో మొదలుపెట్టవచ్చు. కానీ రోజూ వెళ్లాలి. పూర్తి రోజు వెళ్లి మర్నాడు ఆగడం కంటే, రోజూ సగం పూట వెళ్లడం మేలు.

ఆరు, మూడు నెలలు కాపు కాయాలి. తిరిగి వచ్చిన పిల్లలు మళ్లీ జారిపోయేది ఎక్కువగా పండుగ సెలవుల తర్వాత, పరీక్షల ముందు, కోతల్లో. ఆ తేదీలు ముందే క్యాలెండరులో గుర్తుపెట్టుకుని ఆ వారంలో ఒకసారి ఇంటికి వెళ్లి రావాలి. సాయంత్రం ఒక గంట పాఠం చెప్పే డిగ్రీ పిల్లలు ప్రతి పేటలో దొరుకుతారు.

తెలుగు సెక్షనా, రాష్ట్ర భాషా?

ఇది సంఘాల్లో చాలామందికి ఇబ్బంది కలిగించే ప్రశ్న. అయినా మాట్లాడుకోవాలి.

తెలుగు మీడియం సెక్షన్‌లో పిల్లల సంఖ్య తగ్గితే టీచరు పోస్టు వేరే చోటికి పోతుంది, తర్వాత సెక్షన్ మూతపడుతుంది. కాబట్టి ఒక పిల్ల ఆగిపోతే ఆ ఇంటికే కాదు, మనందరికీ నష్టం. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం, కర్ణాటకలో 2015 చట్టంతో కన్నడం తప్పనిసరి పాఠ్యాంశాలయ్యాయి. తెలుగు బడిలో చదివినా ఆ భాష నేర్వక తప్పదు. మొదటి తరగతుల్లో సరిగా నేర్పకపోతే పై తరగతుల్లో పిల్లలు భయపడి ఆగిపోతారు.

తెలుగులో అర్థమవుతుంది కాబట్టి వస్తాను అనే పిల్లకు తెలుగు సెక్షన్ కోసం మనం పోరాడాలి. టీచరు లేకపోతే అర్జీ పెట్టాలి, మళ్లీ మళ్లీ పెట్టాలి. కానీ స్నేహితులంతా ఉన్న కన్నడ బడికి, తమిళ బడికి వెళ్తానంటున్న పిల్లను సెక్షన్ సంఖ్య కోసం ఆపకూడదు. సెక్షన్ నిలబడడం కోసం పిల్ల చదువును పణం పెట్టే హక్కు ఏ సంఘానికీ లేదు. అలాంటి పిల్లకు ఆదివారం తెలుగు తరగతి పెట్టి అక్షరాలు నేర్పవచ్చు. బడికి వెళ్లే పిల్ల తెలుగు ఎలాగైనా నేర్చుకుంటుంది. బడి మానేసిన పిల్లకు ఏ భాషలోనూ చదువు ఉండదు.

14 దాటినవారికి దారి ఏమిటి?

విద్యాహక్కు చట్టం పరిధి దాటిన పిల్లలకు కూడా తలుపులు మూయలేదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా 14 ఏళ్లు నిండినవారు పదో తరగతి, 15 నిండినవారు పన్నెండో తరగతి స్థాయి చదవవచ్చు. పదో తరగతి తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలు జరుగుతాయి. ఒక్కో సబ్జెక్టు చొప్పున పూర్తి చేసుకోవచ్చు. పనికి వెళ్తున్న పిల్లవాడికి ఇది అనువైన దారి. ఐటీఐలో చేరాలన్నా చాలా ట్రేడ్‌లకు పదో తరగతి అడుగుతారు కాబట్టి ముందు ఇది పూర్తి చేయించండి.

సీబీఎస్‌ఈ బడుల్లో చదివేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. బోర్డు పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. జబ్బు వంటి కారణాలకు మినహాయింపు అడగవచ్చు, కానీ డాక్టరు కాగితాలు అప్పటికప్పుడు దాచుకుని ఉండాలి.

ఎవరిని కలవాలి?

ప్రతి ప్రభుత్వ బడికీ, ఎయిడెడ్ బడికీ తల్లిదండ్రులతో కమిటీ ఉంటుంది. ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన తల్లులు అందులో సభ్యులు కావాలి.

తమిళనాడులో: పాఠశాల యాజమాన్య కమిటీ, తర్వాత బ్లాక్ విద్యాధికారి. పాఠశాల విద్యాశాఖ సహాయ నంబరు 14417. ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 దాకా చదివిన ఆడపిల్లలకు పై చదువుల్లో నెలకు 1000 రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకం 2022 నుంచి ఉంది. ఎనిమిదిలో ఆపుదామనుకునే తల్లికి ఈ మాట చెప్పండి.

కర్ణాటకలో: కమిటీని ఎస్‌డీఎంసీ అంటారు. క్లస్టర్ స్థాయిలో సీఆర్‌పీ, తాలూకాలో బీఈఓ. ఆగిపోయిన పిల్లల బ్రిడ్జి కోర్సును చిణ్ణర అంగళ పేరుతో నడిపారు. ప్రత్యేక శిక్షణ గురించి బీఈఓ కార్యాలయంలో అడగండి.

మహారాష్ట్రలో: కమిటీ పేరు శాళా వ్యవస్థాపన సమితి. కేంద్ర ప్రముఖ్, ఆపైన గట శిక్షణాధికారి. షోలాపూరు, భివండి వంటి నగరాల్లో మహానగరపాలిక విద్యా విభాగం కార్యాలయం. టీసీని అక్కడ "శాళా సోడల్యాచా దాఖలా" అంటారు.

ఒడిశాలో: క్లస్టర్‌లో సీఆర్‌సీసీ, బ్లాకులో బీఈఓ. పనికోసం వలస వెళ్లే కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదవడానికి సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. వలసకు బయల్దేరే ముందే అడగాలి.

యానాంలో: పుదుచ్చేరి పాఠశాల విద్యాశాఖకు చెందిన స్థానిక కార్యాలయం.

ఈ దారుల్లో పని కాకపోతే సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మూడు నెలల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్.

అర్జీలో ఏం రాయాలి?

నోటిమాట మరిచిపోతారు, కాగితం నిలుస్తుంది. అర్జీ ఆ రాష్ట్ర భాషలోనే రాయండి. మన తరవాతి తరం పిల్లలకు ఆ భాష రాయడం వచ్చు, వాళ్ల చేత రాయించండి. ఒక పేజీ దాటకూడదు. వరస ఇది:

1. ఎవరికి: హెడ్‌మాస్టరు పేరు వద్దు, హోదా చాలు.
2. పిల్ల పేరు, పుట్టిన తేదీ, చివరగా చదివిన తరగతి, బడి పేరు.
3. ఎప్పటి నుంచి రావడం లేదు, కారణం రెండు వాక్యాల్లో.
4. కోరేది: "విద్యాహక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇప్పించగలరు." టీసీ లేకపోతే సెక్షన్ 5, వయసు పత్రం లేకపోతే సెక్షన్ 14 అని చేర్చండి.
5. తల్లి లేదా తండ్రి సంతకం, తేదీ, ఫోన్ నంబరు.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద "అందింది" అని తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. వేయమంటే పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ రసీదు చేతిలో ఉంటే రెండోసారి మాట వేరుగా ఉంటుంది.

సంఘాలు ఏం చేయాలి?

మనం ఉగాదికి పంచాంగ శ్రవణం పెడతాం, పదో తరగతిలో మార్కులు తెచ్చుకున్నవారికి జ్ఞాపికలు ఇస్తాం. మంచిదే. ఆ జాబితా రాసే చేత్తోనే ఇంకో జాబితా కూడా రాద్దాం: మన పేటలో ఈ నెల పది రోజులకు పైగా బడికి వెళ్లని పిల్లలు ఎవరు? ఆ జాబితా ఎక్కడా చదవకూడదు, గోడ మీద అంటించకూడదు. ఇద్దరు ముగ్గురు పెద్దల దగ్గరే ఉండాలి, వాళ్లలో ఒక ఆడమనిషి తప్పక ఉండాలి. బడి పంపే ఉత్తరం చదవలేని తల్లికి చదివి చెప్పడానికి, బడి సమావేశానికి తోడు వెళ్లడానికి పేటకు ఒకరు చాలు. దీనికి చందా అక్కర్లేదు.

వచ్చే నెల సమావేశంలో జమాఖర్చులతో పాటు ఈ ఒక్క ప్రశ్న కూడా పెట్టండి. పేర్లు చెప్పనక్కర్లేదు, అంకె చెప్పండి చాలు. ఆ అంకె నెలనెలా తగ్గుతుంటే మన సంఘం పని చేస్తున్నట్టు.